మునిగే నూనె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ ముక్కు ఎంత గట్టి ముక్కో మాత్రం ఎవరూ అనరు. భువనగిరి పక్క పల్లె నుంచి పెళ్ళయి నాచారం వచ్చిన రోజు, బస్సు దిగి మట్టి బాటన నడుస్తూ, ఏ గోడ వెనక ఏం తయారవుతోందో చూడకుండానే చెప్పేశాను. ఇక్కడ సబ్బు. అక్కడ రంగులు. ఆ రేకుల షెడ్డులో ఇనుము కాలుస్తున్నారు. మా ఆయన నవ్వి, "నీ ముక్కుకు కార్ఖానాల నౌకరి ఇప్పియ్యాలె" అన్నాడు. కొత్త పెళ్ళికూతురినని కూడా చూసుకోకుండా మూతి ముడిచాను. పొగిడాడో వెక్కిరించాడో నాకు తెలియలేదు, తెలియకపోతే నాకు కోపమే వస్తుంది.

అది అరవైల చివర. అప్పటి నాచారం సగం కార్ఖానాలు, సగం జొన్నచేలు. పొద్దున సైరన్ మోగితే చేలలోని పిట్టలన్నీ లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలేవి. ఉప్పల్ దాకా నడిస్తే దారి పొడుగునా ద్రాక్ష తోటలు. ఆ రోజులు నాకిప్పుడు ఆవిరిలోంచి కనబడ్డట్టు కనబడతాయి. ఎవరి ముఖం ఎప్పటిదో, ఏ ఎండ ఏ ఏటిదో విడదీయలేను. వాసనలు మాత్రం వేటికవే ఉన్నాయి.

మా ఆయన పని ఆకు నూనె కార్ఖానాలో. మలబారు వైపు నుంచి దాల్చిన చెట్టు ఆకులు గోనె బస్తాల్లో లారీ మీద వచ్చేవి. చెక్క కాదు, ఆకు. పెద్ద రాగి డేగిసాలో ఆకు నింపి, కిందినుంచి ఆవిరి పంపి, ఆ ఆవిరిని చల్లని గొట్టంలో తిప్పితే చివరికి నీళ్ళూ నూనే కలిసి కారేవి. ఒకసారి నన్ను తీసుకెళ్ళి చూపించాడు. గాజు జాడీలో నీళ్ళ అడుగున తేనె రంగు నూనె నిలిచి ఉంది. నూనె పైన తేలాలి కదా అన్నాను. "ఇది మునిగే నూనె" అన్నాడు, తానే కనిపెట్టినంత గర్వంగా. లవంగం ఘాటు ముందు తగిలి, దాని వెనక నెమ్మదిగా ఒక తీపి వచ్చే వాసన. దాన్ని సబ్బులకూ అగరబత్తులకూ కొనుక్కుపోయేవాళ్ళు. మా ఆయన చొక్కాలు ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ వాసనే.

ఇప్పుడు దీన్నే చిన్న గోధుమ రంగు సీసాల్లో పెట్టి అమ్ముతున్నారు. అరోమాథెరపీ అట. మా ఇంట్లో దానికి పేరు లేదు. జాడీ కడిగేటప్పుడు అడుగున మిగిలిన నాలుగు చుక్కలు అడిగి తెచ్చి ఒక సీసాలో కూడబెట్టేవాడు మా ఆయన. ఆదివారం ప్రార్థన గుడి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, కిటికీలు రెండూ తెరిచి, ఇత్తడి గిన్నెలో వేడి నీళ్ళు పోసి, అందులో రెండే రెండు చుక్కలు వేసేవాడు. చుక్క నీళ్ళలోకి దిగి, అడుగుకు పోయి, అక్కడ గుండ్రంగా కూర్చునేది. ఆవిరి మాత్రం పైకి వచ్చేది. మధ్యాహ్నపు వెలుతురు ఆ ఆవిరిలో పడి ఇల్లంతా మెత్తబడేది. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటే, ఎక్కడో రైలు పోతున్న చప్పుడు కూడా ఆ వాసనతోనే వచ్చేది. అరగంట కాగానే గిన్నె బయట పెట్టేవాడు. ఇంకాసేపు ఉండనీ అంటే వినేవాడు కాదు.

అదంతా కార్ఖానాలోని కెమిస్టు సారు నూరిపోసిన పాఠం. ఆ సారును నేను ఎన్నడూ చూడలేదు గానీ ఆయన మాటలు మా ఆయన నోట వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. "బస్తెడు ఆకు ఉడికితే గ్లాసెడు నూనె గూడ రాదు. ఒక చుక్కల ఎంత ఆకున్నదో ఎరికేనా? ఒంటికి రాస్కోవాల్నంటే గరిటెడు నువ్వుల నూనెల ఒక్క చుక్క. అది గూడ ముందు మోచేతి లోపల రాసి, ఒక రోజు ఆగి సూడాలె. ఉత్తది ఒంటికి తగలొద్దు. తగిలితే నీళ్ళు పొయ్యొద్దు, నీళ్ళతోని పోదు, ఉత్త నువ్వుల నూనె రాసి బట్టతో తుడవాలె, అటెన్క సబ్బు. పసిపిల్లలకు వద్దే వద్దు. కడుపుతోనున్నోళ్ళు దీని జోలికే పోవద్దు." నేను ఊఁ కొట్టేదాన్ని. ఆకే కదా, దీనికింత హంగామానా అని లోపల అనుకునేదాన్ని.

ఆ ఆదివారాల్లో నాకు ఒక్కటే విసుగు. మా అత్త వచ్చి గిన్నెకు అడ్డంగా, అందరికన్నా దగ్గరగా కూర్చునేది. ముఖం ఆవిరిలో పెట్టి కళ్ళు మూసుకునేది. పూజకు కూర్చున్నామె కూడా అంత కదలకుండా కూర్చోదు. వాసనంతా ఆమే పీల్చేస్తే మాకేం మిగులుతుందని మా ఆయన చెవిలో గొణిగేదాన్ని.

అత్త గురించి చెప్పాలి. ఆమె పసిపిల్లలకు నీళ్ళు పోసేది. నాచారం నుంచి ఉప్పల్ దాకా, అటు రామంతాపూర్ చెరువు దాకా, పుట్టిన బిడ్డ ఎవరి ఇంటిదైనా మొదటి నెల ఆమె చేతుల్లోనే ఉండేది. మేము క్రైస్తవులం. ఆమె వెళ్ళే ఇళ్ళలో అన్ని మతాల వాళ్ళూ ఉండేవాళ్ళు. గడపలో అత్తను ఎవరూ ఆ సంగతి అడగలేదు, నీళ్ళు కాగాయా అని ఆమే అడిగేది. పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నువ్వుల నూనె అరచేతిలో వెచ్చజేసి వీపు, తొడలు, పాదాలు రుద్దేది. మోచేయి ముంచి నీళ్ళ వేడి చూసేది. స్నానమయ్యాక చిన్న మట్టి మూకుడులో నిప్పుల మీద ఊదు వేసి, ఆ పొగ మీద గుడ్డ వెచ్చజేసి చుట్టేది. అంతా అయ్యాక, బిడ్డను ముఖం దగ్గరికి తీసుకుని, నడినెత్తి మీద ముక్కు ఆనించి, పొడుగ్గా ఊపిరి లోపలికి తీసేది. ఇల్లంతా ఆగిపోయి చూసేది.

"మంచిగుంది" అనేది.

ఆ ఒక్క మాట కోసం బాలింతలు గుమ్మాల్లో నిలబడేవాళ్ళు. ఎప్పుడైనా ఆ మాట రాకపోతే, "జర దవాఖానాకు దీస్కపోండ్రి" అనేది. వెళ్ళి చూస్తే బిడ్డకు నిజంగానే లోపల జ్వరమో, కడుపు బాగాలేకో ఉండేది. బిడ్డ వాసన చూసి రోగం చెబుతుందని ఆమెకు పేరు. ఆ పేరు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు, కోరిక కూడా లేదు. మామ పోయిన ఏడాదే ఈ పనిలోకి దిగిందట. చేతుల్లో బిడ్డ లేని రోజు ఆమె ఇంట్లో ఏం చేయాలో తెలియక గిన్నెలు తోమినవే తోముతుండేది.

నాకు నాలుగో నెల వచ్చింది. మా ఆయన ఆ సీసాను గుడ్డలో చుట్టి గోడ గూట్లో ఎత్తు మీద పెట్టేశాడు. ఆదివారం గిన్నె ఆగిపోయింది. నాకు పెద్దగా లోటనిపించలేదు. అత్త మాత్రం రెండు మూడు ఆదివారాలు, "ఇయ్యాల గిన్నె పెట్టవా బిడ్డా" అని కొడుకును అడిగింది. వద్దంటే తలాడించి గిన్నె వైపు చూసి వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే ఉప్పల్‌లో ద్రాక్ష తోటల ఇంట్లో మనవడు పుట్టాడు. ఊళ్ళో పాతకాపులు. ఏళ్ళ తరబడి ఎదురు చూసిన బిడ్డ. అత్తనే పిలిచారు. అయితే వారం తిరిగేసరికి ఆ ఇంటి కోడలు ఎవరితోనో అన్నదని నా చెవిన పడింది, రామంతాపూర్‌లో ఇంకొకామె ఉందట, బజారు నుంచి కొన్న వాసన నూనె రాస్తుందట, బిడ్డ రోజంతా గమగమలాడుతుందట. మా అత్తది ఉత్త నువ్వుల నూనె. నాకు భగ్గుమంది. మా అత్త మీద నేను విసుక్కోవచ్చు, ఇంకొకరు వంక పెట్టడమేమిటి?

మా వైపు బాలింతకు వావిలాకు మోపులకు మోపులు నీళ్ళలో మరగబెట్టి పోస్తారు. ఆకుతో ఎవరికీ ఏమీ కాలేదు. అదే లెక్క వేసుకున్నాను. పీట ఎక్కి గూట్లోంచి సీసా దింపి, ఊపిరి బిగబట్టి, అత్త నూనె బుడ్డిలో చుక్క కాదు, బిరడా నిండా పోసి కలిపాను. సీసా రబ్బరు బిరడా అప్పటికే మెత్తబడి ఉబ్బిపోయి ఉంది. రబ్బరునే అలా చేసింది పసి చర్మాన్ని ఏం చేస్తుందని ఆలోచించే బుద్ధి నాకు ఆ రోజు లేదు. అత్తకు చెప్పలేదు. బుడ్డి మూత తీయగానే ఆ వాసన చూసి మురిసిపోతుంది, నా వైపు చూస్తుంది, నేను ఏమీ ఎరగనట్టు ఉంటాను, ఇదంతా ముందే ఊహించుకుని నవ్వుకున్నాను.

మర్నాడు అత్తకు మోకాలు నొప్పి. సామాను పట్టుకుని నేనూ బయలుదేరాను. తోట వాళ్ళు ద్రాక్ష బుట్టలు దింపి వెనక్కి పోతున్న ఎడ్లబండి ఆపి మమ్మల్ని ఎక్కించుకున్నారు. బండి అడుగున పరిచిన ఎండుగడ్డి మీద చిట్లిన ద్రాక్షపళ్ళ తీపి వాసన. పొద్దు ఇంకా ఎర్రగా ఉంది. తోటల మీద ఇంకా తెల్లవారుజాము చల్లదనం. అత్త నా కడుపు మీద చెయ్యి వేసి ఊగుతూ కూర్చుంది. ఆ బండి అలా ఉప్పల్ చేరకుండా పోతూనే ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

వాకిట్లో పీట వేశారు. అత్త బుడ్డి మూత తీసింది. వాసన వాకిలంతా లేచింది. ఆ ఇంటి పెద్దమ్మ తలుపు దగ్గరి నుంచే, "ఏం వాసననే! ఏడ దెచ్చినవ్?" అంది. నేను అత్త ముఖం చూశాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. రోజూలాగే నూనె అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్ది, బిడ్డ తొడల మీద రాసింది.

మూడో రుద్దుకు బిడ్డ కెవ్వుమన్నాడు. ఆకలి ఏడుపు కాదది. తొడల మీద ఎర్రగా చేతి అచ్చు తేలింది. "నా అరచేతులు సుర్రుమంటున్నయేంది" అని అత్త తన చేతులు చూసుకుంది. ఎవరో చెంబుతో నీళ్ళు అందుకున్నారు. అప్పుడు నా నోరు పెగిలింది.

"నీళ్ళొద్దు! నీళ్ళు పొయ్యకుండ్రి! ఉత్త నువ్వుల నూనె తెండ్రి, ఉత్తది!"

వంటింట్లోంచి నూనె తెచ్చారు. నేనే బిడ్డ తొడల మీద పోసి, మెత్తని పంచె గుడ్డతో తుడిచి, మళ్ళీ పోసి, మళ్ళీ తుడిచాను. ఆపైన సబ్బు నురగ, గోరువెచ్చని నీళ్ళు. కాసేపటికి ఏడుపు తగ్గి వెక్కిళ్ళయింది. ఎరుపు రెండు రోజులకు పోయింది, బొబ్బ కూడా లేవలేదు. దేవుడు ఆ బిడ్డ మీద దయ చూపాడు, నా మీద కూడా. కానీ ఆ వాకిట్లో అప్పుడు అది ఎవరికీ తెలియదు. పెద్దమ్మ బుడ్డి వైపు వేలు చూపి అడిగింది, "ఏం కలిపినవ్ అండ్ల?"

అత్త బుడ్డిని ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది.

"నేనే కలిపిన" అంది. "తప్పయింది."

"రేపటిసంది రాకు" అంది పెద్దమ్మ.

నేను నోరు తెరవలేదు. ఆ మాట ఇన్నేళ్ళ తర్వాత రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. తిరుగు దారిలో బండి లేదు, నడిచాము. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి బుడ్డి బోర్లించి, బూడిదతో తోమి, ఎండలో పెట్టింది. మా ఆయన సాయంత్రం వచ్చి సంగతి విని, సీసా చూసి, బిరడా చూసి, అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. అరవలేదు.

మాట ఊళ్ళకు పాకింది. వారంలో రెండిళ్ళు వద్దన్నాయి, ఆ తర్వాత మరొకటి. అత్త పొద్దున లేచి, అలవాటుగా పీట చంకన పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చేది. గిన్నెలు తోమినవే తోమేది. నన్ను కాపాడడానికి తన మీద వేసుకుందని నేను కుమిలిపోయాను. ఆమె మంచితనం నాకు పట్టరాని బరువైంది. కాళ్ళు పట్టుకుందామనుకుంటే నా పొగరు అడ్డొచ్చేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వంటింట్లోంచి అన్నం మాడిన వాసన వచ్చింది. పరుగెత్తి వెళ్ళేసరికి పొయ్యి పక్కనే, జానెడు దూరంలో, అత్త కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. అన్నం నల్లబొగ్గయింది. "అత్తా, మాడుతుంది గదా!" అన్నాను. ఉలిక్కిపడి గిన్నె దింపి చేతులు కాల్చుకుంది. నేను నిలబడిపోయాను. పెరట్లో ఉన్న నాకు తెలిసింది, పొయ్యి పక్కనున్న ఆమెకు తెలియలేదు. ఆ వాకిట్లో అందరికీ తెలిసిన వాసన బుడ్డి పట్టుకున్న ఆమెకు తెలియలేదు.

నేను మంచిదాన్ని కాదు. మర్నాడు ఆమె కునుకు తీసి లేచే వేళకు, చాటలో మల్లెపూలు పోసి ఆమె తల వెనక పెట్టాను. చూడలేదు. కిరసనాయిలు గుడ్డ పెట్టాను. చూడలేదు. వెల్లుల్లి దంచి ఆమె ముక్కు దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"పరీక్ష పెడుతున్నవా పిల్లా?"

పక్కన కూర్చున్నాను. ఆమె పైట చెంగుతో నా చేతి వెల్లుల్లి తుడుస్తూ చెప్పింది. పదకొండేళ్ళ కింద పెద్ద జ్వరం వచ్చిందట. జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయిందట. "మీ మామ పోయినప్పుడు ఆయన అంగీ ముక్కుకాడ పెట్టుకొని సూసిన. ఏం లేదు. ఉత్త బట్ట. గా దినం ఏడ్సినట్టు ఎన్నడు ఏడ్వలే." ఆపైన పిల్లల పనిలోకి దిగింది. వాసన చూస్తే రోగం తెలుస్తుందని ఎవరో అన్నారు, పేరొచ్చింది, కాదనలేకపోయింది. "మరి ఎట్ల జెప్తున్నవ్?" అన్నాను. "నడినెత్తి మీద ముక్కు పెడితే గక్కడ కొట్టుకుంటది గదా. వేడి తెలుస్తది. ఊపిరి నా గదువ కింద, మెడకు తగుల్తది. మంచిగుంటే ఒకతీరు తగుల్తది, లేకుంటే ఇంకోతీరు. గంతే. ముక్కుతోని కాదు, తోలుతోని జెప్తున్న."

"మరి ఆదివారం గిన్నె కాడ?"

ఆమె సిగ్గుపడింది. అరవై దగ్గర పడ్డ మనిషి, చిన్నపిల్లలా తల వంచుకుంది. "గా ఆవిరి లోపల సుర్రుమంటది. వాసన గాదు, మంట. గని ముక్కుల ఏందో ఒకటి ఉన్నట్టుంటది. గందుకే కూసుంటుంటి."

నేను ఏడ్చాను. వాసనంతా ఆమే పీల్చేస్తోందని గొణిగిన నోటితోనే ఏడ్చాను. ఆమె నా కోసమే నింద మోయలేదు, అందులో తనదీ ఉంది. కలిపింది కోడలని చెబితే, మూత తీయగానే నీకు తెలియలేదా అని అడుగుతారు. అప్పుడు ఆ పేరూ పోతుంది, చేతుల్లోకి పిల్లలూ రారు. నన్ను కాపాడిందా, తనను కాపాడుకుందా అని అడగబోయి ఊరుకున్నాను. రెండూ అయి ఉంటాయి. అడగడం వల్ల ఏ ఒక్కటీ బాగుపడదు.

ఆ తెల్లవారి నేను ఒక్కదాన్నే ఉప్పల్‌కు నడిచాను. అయిదో నెల, ఎండ ఇంకా ముదరలేదు. వాకిట్లో నిలబడి పెద్దమ్మకు చెప్పాను. నూనె నేనే కలిపానని, ఎంత కలపాలో తెలిసీ వినలేదని, పసిపిల్లలకు వద్దన్న మాట కూడా తెలుసునని. మనవడు ఆమె ఒళ్ళో నిండుగా నిద్రపోతున్నాడు. తొడలు తెల్లగా ఉన్నాయి. ఆమె బిడ్డ తొడల మీద గుడ్డ సర్దింది.

"మరి మీ అత్తకు వాసన రాలేదా? వాకిలంత ఘాటు లేసె గదా?"

ఇక్కడికి వస్తుందని దారి పొడుగునా భయపడుతూనే వచ్చాను. "వచ్చింది" అన్నాను. "నేనేదో సెంటు కలిపిననుకున్నది. నలుగుర్ల కోడలి పరువు తియ్యొద్దని ఊకున్నది." నిజం చెప్పడానికి వెళ్ళి అబద్ధం చెప్పి వచ్చాను. ఆ అబద్ధం మీద నాకు ఈ రోజుకీ పశ్చాత్తాపం లేదు. కానీ దాన్ని ఉత్తగా వదల్లేదు. "ఇగ నుంచి నేను గూడ ఎంట వస్త. ఆమె బుడ్డి ముట్టకముందు నూనె నేను సూస్త. ఏ ఇంటికైనా సరే" అన్నాను.

రెండు రోజులాగి ఎడ్లబండి మా గుమ్మం ముందు ఆగింది. అత్త పీట చంకన పెట్టుకుని, కొంగు సర్దుకుని, నా కన్నా ముందే బండెక్కింది. మోకాలి నొప్పి ఎక్కడికి పోయిందో!

ఆ రోజు నుంచి నేను ఆమె ముక్కునయ్యాను. ప్రతి ఇంట్లో ముందు నూనె నేను చూసేదాన్ని, పాత నూనె కంపు కొడుతుంటే పక్కన పెట్టించేదాన్ని, బిడ్డ గుడ్డల వాసన చూసి అత్తకు కళ్ళతో చెప్పేదాన్ని. ఆమె నడినెత్తి మీద ముక్కు పెట్టి "మంచిగుంది" అనేది. మా ఇద్దరి మధ్య ఏం నడుస్తోందో ఎవరికీ తెలియలేదు. మా ఆయనకు చెప్పాను. ఆయన తర్వాతి ఆదివారం నన్ను ఇంట్లోనే ఉండమని చెప్పి, పెరటి చివర చింత నీడన, గాలి ఇంటి వైపు రాని చోట, తల్లి కోసం గిన్నె పెట్టాడు. రెండే చుక్కలు, అరగంటే. కిటికీలోంచి చూశాను. ఆవిరిలో ఆమె ముఖం కరిగిపోయినట్టు ఉంది. ఆకుల సందుల్లోంచి వెలుతురు పడి ఆడుతోంది. ఆమె నవ్వుతోంది.

వానాకాలం పోయే రోజుల్లో నాకు ఆడపిల్ల పుట్టింది. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చిన తర్వాత అత్త మొదటి నీళ్ళు పోసింది. ఆ పూట ఆమె తొందరపడలేదు. నేను నులక మంచం మీద పడుకుని అరమూసిన కళ్ళతో చూస్తున్నాను. నువ్వుల నూనె, ఉత్తది. కాగులోంచి లేచే ఆవిరి. మూకుడులో ఊదు. బయట సైరన్ మోగింది, పిట్టలు లేచి మళ్ళీ వాలి ఉంటాయి. అత్త పాపను తుడిచి, ముఖం దగ్గరికి తీసుకుని, నడినెత్తి మీద ముక్కు ఆనించి, పొడుగ్గా ఊపిరి తీసింది. నేను ఆ మాట కోసం ఎదురు చూశాను. అందరు బాలింతల్లాగే.

ఆమె అనలేదు. పాపను తెచ్చి నా ముఖం పక్కన పెట్టింది.

"వేడి మంచిగుంది, ఊపిరి మంచిగుంది. గని ఇది నా బిడ్డ బిడ్డ. దీని వాసన నాకు గావాలె. నువ్వు సూసి జెప్పు. ఎట్లుంది?"

నేను కళ్ళు మూసుకుని వాసన చూశాను. పాలు ఉన్నాయి, కొంచెం. నువ్వుల నూనె. ఊదు పొగ. తడి గుడ్డ. వాటి వెనక ఇంకేదో, నాకు బాగా తెలిసినది, ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి తలుపుల్లో, దుప్పట్లలో, ఆ బండిలో నా కడుపు మీద పెట్టిన చేతిలో ఉన్నది. ఎక్కడిదా అని ఒక క్షణం వెతుక్కున్నాను.

"నీ లెక్కనే ఉంది అత్తా" అన్నాను.

"నా లెక్క అంటే?"

పదకొండేళ్ళుగా ఆమెకు తన వాసన తెలియదు. "ఊదు, నువ్వుల నూనె, ఎండలెండిన చీర" అన్నాను. "నిన్ను దగ్గరకు తీస్కుంటే గిదే వస్తది. ఊరంత పిల్లలకు నీ వాసనే."

అత్త తన కొంగు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి తీసింది. తర్వాత కొంగు దించి, తల అడ్డంగా ఊపింది.

"గట్లనా" అని, పాపను మళ్ళీ గుడ్డలో చుట్టింది.